గోడల్లేని కాలేజీలో దిష్టి

“గోడల్లేని కాలేజీ ఏందయ్యా? పిల్లని ముంచుతావా ఏంది?”

“గోడలు మనయే గదే, ఎర్రిదానా. నువ్వు చూస్తా ఉండు.”

మా ఆయనా నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలు ఇవే. ఆ మాట అనేసి లారీ తోలుకుంటూ పిడుగురాళ్ళ బయల్దేరాడు, దారిలో గుండె ఆగింది. ఏడిచే కథ కాదు లెండి. (రాయవే, ఆగబాకు. ఇది రాస్తున్నది మా పిల్లే.)

ఆ రోజుల్లో, అంటే ఎప్పుడో కాదు, మొన్నమొన్ననే, శావల్యాపురం పక్కన మా ఊళ్ళో కాలేజీ అంటే నరసరావుపేట బస్సే. పిల్ల బస్సెక్కితే మిరపకాయల తొడిమలు తీయడానికి ఇంట్లో చేతులు తగ్గుతాయి, ఎక్కకపోతే చదువు పోతుంది. అందుకని ఆయన ఫోన్లో చదివే డిగ్రీ వెతికాడు. పాత లారీ కొనేవాడు కాగితాలు అడిగినట్టు ప్రతి కాలేజీకీ ఫోన్ చేసి, “మీకు గవర్నమెంటు గుర్తింపు ఉందా? ఆ సర్టిఫికెట్టు చూపిస్తే ఉద్యోగం ఇస్తారా? పిల్లకు అర్థం కాకపోతే చెప్పే మనిషి ఉంటాడా, ఉత్త బొమ్మే ఆడుద్దా?” అని నిలదీసేవాడు. సగం మంది మధ్యలోనే ఫోన్ పెట్టేశారు. పెట్టేయని కాలేజీలో చేర్చాడు.

ఆయన పోయాక పిల్ల చదువు మానలేదు. గోతానికి ఫోను ఆనించి, చేత్తో తొడిమలు తీస్తూ చెవులతో పాఠం వినేది. అర్థం కాకపోతే మాస్టార్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చెప్పించేది. మా ఆయన మాటలకు కూడా అట్లాంటి మీట ఉంటే బాగుండుననిపించేది నాకు.

ఆఖరి పరీక్ష కూడా ఫోన్లోనే వచ్చింది. గదిలో పిల్ల ఒక్కతే ఉండాలట, అవతల ఒకాయన కెమెరాలో చూస్తూ కూర్చుంటాడట. తలుపు సందులోంచి చూస్తే నాకు గుబులు పుట్టింది. ముక్కూ మొహం తెలియని మగమనిషి అంతసేపు రెప్ప వేయకుండా చూస్తే పిల్లకు దిష్టి తగలదా? గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని లోపలికి వెళ్ళి, దాని తల చుట్టూ తిప్పడం మొదలుపెట్టాను.

“ఎవరండీ మీరు? బయటికి వెళ్ళండి!” అని ఫోను అరిచింది. దిష్టి తీసేటప్పుడు నోరు విప్పకూడదు కదా, తిప్పుతూనే ఉన్నాను.

“చేతిలో ఏముంది? చీటీనా? గుప్పిట తెరవండి!”

తెరిస్తే ఆ దిష్టంతా మళ్ళీ పిల్లకే. పరుగున వెళ్ళి పొయ్యిలో పడేశాను. పిసరంత ఘాటు కూడా రాలేదు. వెనక్కొచ్చి ఫోన్లో మొహం పెట్టి, “చూశావా నాయనా, మిరపకాయలు కాలినా ఘాటే రాలేదు. ఎంత దిష్టి పెట్టావో!” అన్నాను.

ఆయన పరీక్ష ఆపేశాడు.

“అమ్మా, నా డిగ్రీ పొయ్యిలో ఏశావే!” అని పిల్ల ఘొల్లుమంది. కాపీ కొట్టినట్టు తేలితే ఇన్నేళ్ళ చదువూ గంగపాలే. కొన్నాళ్ళకు కాలేజీ మేడమ్ ఫోన్లో కనబడింది.

“మీరు అమ్మాయికి చీటీ ఇచ్చారని మావాళ్ళు రాశారమ్మా.”

“చీటీ ఇయ్యాలంటే ముందు నాకు రాత రావాలి గదమ్మా! నా పేరు రాసేసరికే పొద్దుగూకుద్ది.”

“అయితే ఇప్పుడు రాసి చూపించండి.”

పలక పట్టుకుని, నాలుక బయటపెట్టి మొదలుపెట్టాను. రెండో అక్షరం దగ్గరికి వచ్చేసరికే ఆవిడ నవ్వాపుకోలేక, “చాలమ్మా, చాలు” అంది. మళ్ళీ పరీక్ష పెట్టారు, నేను ఇంట్లో ఉండకూడదనే షరతు మీద. పక్కింట్లో కూర్చుని, గోడకు ఇవతల నుంచే ఉత్త గుప్పిట తిప్పాను. (అది నీకిప్పుడే తెలిసిందా? తెలియనీలే, రాయి.)

ఫస్టు క్లాసు వచ్చింది. ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్టుకు నేనే మేకు కొట్టాను. కొడుతుంటే పెచ్చు ఊడి నెత్తిన పడింది. మన గోడే గదా అనుకుని, ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను.

అయిందిగా, ఏదీ, ఒకసారి చదువు. మొదట్లో ఆయన మాట వస్తది చూడు, అక్కడ ఆపి, వెనక్కి తిప్పి, ఇంకోసారి చదవవే.