మందు డబ్బాల గది తాళం

మా ఊరి బళ్ళో ఆత్మహత్యల నివారణ మీద అవగాహన సభ పెట్టినరోజు నాకు కుర్చీ వేయలేదు. ముందు వరసలో ఖాళీ కుర్చీలు ఉన్నాయి. మండలం నుంచి వచ్చిన అధికారి కారు డ్రైవరు కూడా ఒకదాంట్లో కూర్చుని ఫోను చూసుకున్నాడు. నేను వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. మా ఊళ్ళో అలా పోయినవాళ్ళలో ఆఖరివాడు నా తమ్ముడు. ఆ సంగతి తెలియనివాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

వేదిక వెనక ఫ్లెక్సీ కట్టారు. సర్పంచ్ బొమ్మ నిలువెత్తున ఉంది. దాని పక్కన కాస్త చిన్నగా ఒక రైతు తల పట్టుకుని కూర్చున్న బొమ్మ. అట్టడుగున 'సౌజన్యం' అని మా ఊరి పురుగుమందుల కొట్టు పేరు వేశారు. వచ్చినవాళ్ళందరికీ మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చింది కూడా ఆ కొట్టాయనే. నాకూ ఒకటి ఇవ్వబోతే వద్దన్నాను.

సర్పంచ్‌ని పక్కకి పిలిచి, "ఈ సభకి పురుగుమందుల కొట్టాయన డబ్బులతో ఫ్లెక్సీ ఏంట్రా?" అని అడిగాను. వరసకి నాకు కొడుకవుతాడు.

"ఎవరో ఒకరు ఇవ్వాలి గదా బాబాయ్. ఈ ఒక్కరోజన్నా గొడవ లేకుండా కూర్చో."

"కూర్చోడానికి కుర్చీ ఏది?"

వాడు అది విననట్టు వేదిక ఎక్కాడు.

అధికారి చాలాసేపు మాట్లాడాడు. క్షణికావేశంలో తొందరపాటు నిర్ణయాలు తీసుకోవద్దన్నాడు. ఈ మధ్య మీ గ్రామంలోనే అలాంటి దురదృష్టకర సంఘటన జరిగిందన్నాడు. అందరి తలలూ నావైపు తిరిగాయి. నా తమ్ముడిది క్షణికావేశం కాదు. కల్లంలో ఆరబోసిన మిరపకాయ మీద వాన పడ్డప్పటి నుంచీ వాడు మాట తగ్గించేశాడు. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు, అడిగినదానికి జవాబు చెప్పేవాడు, పని చేసేవాడు. అదంతా నెలలపాటు మా అందరి కళ్ళ ముందే జరిగింది. ఆ మాట మైకులో చెబుతానని చెయ్యెత్తాను. అధికారి గడియారం చూసుకుని, "పెద్దాయనా, అర్జీ ఏమన్నా ఉంటే సోమవారం ఆఫీసుకి రండి," అన్నాడు. నా మాట అర్జీ అయిపోయింది.

ఆయన కారెక్కాక జనం లేచి దుమ్ము దులుపుకుంటున్నారు. అప్పుడు మా ఊరి ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సమ్మ మైకు తీసుకుంది. అప్పటికే మైకుకి కరెంటు తీసేశారు. ఆ అమ్మాయి గొంతు పెంచి అడిగింది.

"మీ ఇళ్ళల్లో కొట్టగా మిగిలిన మందు డబ్బాలు ఎక్కడ పెడతారండి?"

ఎక్కడ పడితే అక్కడే. అటక మీద, మంచం కింద, స్నానాల గది గోడ మీద. సగం మిగిలిన డబ్బా పారెయ్యడానికి ఎవరికీ మనసు రాదు, అంత ఖరీదు మరి. మిరపకి ఒకటి, పత్తికి ఒకటి, తెల్లదోమకి ఒకటి, ప్రతి ఇంట్లోనూ ఉంటాయి.

"అవి ఇంట్లో ఉండకూడదండి. మనసు బాగోనిరోజు చేతికి అందకపోతే ఆ పూట గడుస్తుంది. గడిస్తే మనం మాట్లాడచ్చు, డాక్టరుకి చూపించచ్చు. అందరివీ ఊరికి దూరంగా ఒకే గదిలో పెట్టి తాళం ఇంకొకరికి ఇవ్వండి."

ఆరోజు పనికొచ్చే మాట అదొక్కటే. దాన్ని విన్నవాళ్ళు కొద్దిమంది.

నర్సమ్మ చెప్పిన గది అడగడానికి సోమవారం నేను ఆఫీసుకి వెళ్ళాను. అర్జీ తీసుకుని ముద్ర వేసి పంపారు. తర్వాతి సోమవారం వెళ్ళాను. ఆ తర్వాత కూడా వెళ్ళాను. "మళ్ళీ మీరేనా" అన్నవాళ్ళ మొహాలు నాకు గుర్తున్నాయి. గది అడిగితే గోడౌన్ల పథకం లేదన్నారు. పథకం కాదు, తలుపూ తాళమూ అన్నాను. బయట కూర్చోమన్నారు. చివరికి నా పోరు పడలేక సర్పంచే ఒప్పుకున్నాడు. ఊరి బయట రోడ్డు పక్కన పొగాకుని వేడి పెట్టి ఆరబెట్టే పాత బ్యారన్ గది ఉంది. పొగాకు కాల్చడం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. దాని ఆసామి ఇస్తానన్నాడు. పంచాయతీ గట్టి తలుపు పెట్టించింది. లోపల ఇంటికొకటి చొప్పున ఇనప పెట్టెలు పెట్టారు. పెట్టె తాళం ఇంటివాళ్ళ దగ్గర, గది తాళం ఒక మనిషి దగ్గర. మందు కొట్టే రోజు పొద్దున్నే ఇంటి నుంచి ఇద్దరు రావాలి. ఒక్కరే వస్తే తియ్యకూడదు. ఇద్దరి షరతు నర్సమ్మ పెట్టింది.

గది తాళం ఎవరికి ఇవ్వాలా అని పంచాయతీ ఆఫీసులో అనుకుంటుంటే, మా పక్క చేనాయన లేచాడు.

"అంత రాగం తీసింది ఆయనేగా. తాళం ఆయన మొలతాడుకే కట్టండి."

అందరూ నవ్వారు. నన్ను ఎగతాళి చెయ్యడానికే ఆయన ఆ మాట అన్నాడు. నేను చెయ్యి చాపి తాళం తీసుకున్నాను. మొలతాడుకే కట్టుకున్నాను.

ఈయన గురించి చెప్పాలి. మా చేలకి మధ్య ఒకటే గట్టు. నా తమ్ముడి పెద్దకర్మ నాడు విస్తరి ముందు కూర్చుని, పప్పు కలుపుకుంటూ, పక్కవాడితో నాకు వినపడేట్టే అన్నాడు: "పక్కింట్లోనే అన్న ఉన్నాడుగా, గాడిదలు కాస్తున్నాడా?" నేను ఆ పంక్తిలోనే నెయ్యి వడ్డిస్తున్నాను. ఆయన విస్తట్లో కూడా వేశాను. ఆరోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. గట్టు మీద ఎదురొస్తే చేలోకి దిగి నడిచేవాణ్ణి.

తాళం తీసుకున్నాక నర్సమ్మ నాకు కొన్ని సంగతులు నేర్పింది. ఎవరి మీదన్నా అనుమానం వస్తే చుట్టూ తిప్పకుండా అడగమంది. చచ్చిపోవాలనిపిస్తుందా అని ఆ మాటే అడగమంది. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అన్నాను. పుట్టదంది, అడిగినందుకు చాలామందికి బరువు దిగుతుందంది.

"ఏదీ, నన్ను అడగండి బాబాయ్ గారూ."

"నీకేంటమ్మా, రాయిలా ఉన్నావు."

"రాయినైనా సరే అడగండి. ఇప్పుడు నోరు తిరక్కపోతే అప్పుడేం తిరుగుతుంది?"

అడిగాను. రేషన్ కార్డు ఉందా అని అడిగినట్టు వచ్చింది నా గొంతు. ఆ అమ్మాయి నవ్వి, ఫర్వాలేదు, అలాగైనా సరే అంది. ఒకవేళ ఔనంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా తనకి ఫోను చెయ్యమంది.

మొదటి పంట కాలమంతా జనం నన్ను తిట్టుకుంటూనే వచ్చారు. దూరమన్నారు, కూలీలు కాచుక్కూర్చున్నారన్నారు, నువ్వేమన్నా కలెక్టరువా అన్నారు. ఒక్కడే వచ్చినవాణ్ణి వెనక్కి పంపితే, వాడు పెళ్ళాన్ని బండి మీద ఎక్కించుకొచ్చి, "ఇదిగో, సాక్షిని తెచ్చా, చూసుకో" అన్నాడు. చూసుకుని తలుపు తీశాను.

ఈ ఏడు కాయ కోతలు ముగిసే ముందు మళ్ళీ వాన పడింది. పక్క చేనాయన కాయ కల్లంలోనే రంగు పోయి చాలావరకు తెల్లటి తాలు అయింది. గుంటూరు మిర్చి యార్డుకి తీసుకెళ్ళి, అడిగిన ధర విని, మళ్ళీ లారీలోనే వెనక్కి తెచ్చాడని విన్నాను. తర్వాత చేలో మిరప చెట్లన్నీ పీకించేశాడు. నాకు సంతోషం వేయలేదు, జాలీ వేయలేదు. అప్పటికి నాకు అలాంటివి తెలియడం మానేసి చాలాకాలమైంది.

ఒక మధ్యాహ్నం నేను బ్యారన్ నీడలో గోనెపట్టా వేసుకుని కూర్చున్నాను. ఎండ మండిపోతోంది. ఆయన నడుచుకుంటూ వచ్చాడు. పెద్దకర్మ తర్వాత నేరుగా నాతో అన్న మొదటి మాట:

"తాళం తియ్యి."

"ఎందుకు?"

"నా డబ్బాలు నాకు కావాలి."

ఆయన దగ్గర మందు కొట్టే ట్యాంకు లేదు. వెంట మనిషి లేడు. ఆ ఎండలో, ఆ గాలిలో ఏ రైతూ మందు కొట్టడు.

"దేనికి కొడతావు? చేలో చెట్టు లేదుగా."

"పత్తికి."

"పత్తి వెయ్యడానికి ఇంకా వానలే రాలేదు."

"నువ్వెవడివయ్యా నన్నడగడానికి? నీ తమ్ముణ్ణి అడిగావా ఇట్టా?"

ఆ మాటకి నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన మొహం చూశాను. తమ్ముడు అన్నానికి వచ్చినప్పుడు ఉండే మొహమే అది. లేచి తలుపుకి అడ్డంగా నిలబడి అడిగాను.

"చచ్చిపోవాలనిపిస్తుందా?"

ఈసారి కూడా రేషన్ కార్డు అడిగినట్టే వచ్చింది. ఆయన నన్ను తోసెయ్యలేదు. అలాగే నేల మీద కూలబడ్డాడు. మట్టిగడ్డ ఒకటి చిదుపుతూ, "ఏమో," అన్నాడు. అది పొడయ్యాక, "ఔను," అన్నాడు.

"మా ఆవిడకి చెప్పమాక."

"చెప్తాను."

ఆయన ముందే నర్సమ్మకి ఫోను చేశాను. ఆయన భార్యని వెంటబెట్టుకుని వస్తానంది. ఆయన లేచి వెళ్ళిపోతాడేమోనని నా భయం. ఆపడానికి నాకు మంచి మాటలు రావు. నర్సమ్మ చెప్పినవి ఒక్కటీ గుర్తు రాలేదు. నాకు తెలిసింది గట్టు ఒక్కటే.

"మొన్న దున్నినప్పుడు గట్టు మళ్ళీ నావైపు జరిపావు," అన్నాను.

ఆయన తల ఎత్తాడు. "నేను జరిపానా? మీ అయ్యే జరిపాడు, నాగలి కాలంలో."

"సర్వే రాయి ఎక్కడుందో నీకు తెలుసు."

"ఆ రాయి పీకింది ఎవరు మరి?"

"పీకింది మీ బావమరిది. నేను చూశా."

"చూసినోడివి అప్పుడు నోట్లో ఏం పెట్టుక్కూర్చున్నావు?"

అలా మొదలై నీళ్ళ కాలువ దాకా వెళ్ళింది. ఆయన నన్నొక మాట అన్నాడు, నేను రెండన్నాను. నర్సమ్మ స్కూటీ ఆగేసరికి ఇద్దరం అరుచుకుంటున్నాం. వెనక సీటు మీంచి దిగిన ఆయన భార్య, మేము కొట్టుకుంటున్నామనుకుని పరిగెత్తుకొచ్చింది. తర్వాత ఆయన్ని చూసి ఆగిపోయి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుంది.

ఆటోలో గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. మానసిక వైద్యుల గది ముందు వరసలో బల్ల మీద చోటు లేక నేను నిలబడ్డాను. డాక్టరు ఆయనతో విడిగా చాలాసేపు మాట్లాడాడు. కొన్నాళ్ళు అక్కడే ఉంచుకున్నారు. మాత్రలు రాశారు, మళ్ళీ రమ్మన్నారు. ఊరికి బస్సులో వచ్చి తాళం చూసుకున్నాను. ఉంది. అన్నం తిని పడుకున్నాను.

ఆయన ఇంటికొచ్చాక పంచాయతీ ఆఫీసు నుంచి నాకు కబురొచ్చింది. నా మీద ఫిర్యాదట. వెళ్ళేసరికి ఆయన సర్పంచ్ ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య, ఒళ్ళో మందుల చీటీ ఉన్న సంచి. నాకు కూడా ఒక కుర్చీ వేశారు.

"చెప్పు మావయ్యా," అన్నాడు సర్పంచ్.

"నా వస్తువు నాకియ్యలేదు. ఊరంతా చూస్తుండగా ఆటో ఎక్కించాడు. ఇప్పుడు టీ కొట్టు దగ్గరికి పోతే అందరూ మాటలాపి నావైపే చూస్తున్నారు. ఊళ్ళో నన్ను పిచ్చోణ్ణి చేశాడు."

ఆ చూపులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. సభలో నావైపు తిరిగినవి కూడా అవే తలలు. ఎన్నాళ్ళుంటాయో కూడా తెలుసు. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

సర్పంచ్ నావైపు తిరిగాడు. "ఏమంటావు బాబాయ్?"

"ఇవ్వలేదు. నిజమే."

"అంతేనా?"

"మళ్ళీ ఒక్కడే వస్తే మళ్ళీ ఇవ్వను. ఆయన ఫిర్యాదు చేసుకోవచ్చు."

"చేస్తా," అన్నాడు ఆయన.

"చెయ్యి."

ఆయన భార్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. సర్పంచ్ తల గోక్కుని టీలు తెప్పించాడు. ఆయన గ్లాసు తీసుకోలేదు. నేను తాగడం అయిపోయింది. కాసేపటికి ఆయన భార్య చీటీ చూసి ఒక మాత్ర విప్పి అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని నోట్లో వేసుకుని, చల్లారిన టీతో మింగాడు.