వేళ్ల మీద టికెట్

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే బస్సుల అందరు చలికి దుప్పట్లు కప్పుకున్నరు. నాలుగో నెల గర్భంతో ఉన్న నాకు మాత్రం చెమటలు. గుండె దడదడ. కూసోబుద్ధి కాదు, నిలబడబుద్ధి కాదు. కడుపుల పిల్ల వేడి అని మా అత్తమ్మ రోజూ మజ్జిగ తాగిస్తుండె.

పక్కసీటు పెద్దమ్మ నా మెడ మీది వాపునే చూస్తుంది. నా చేతులు చాపించి, టికెట్ వేళ్ల మీద పెట్టింది. అది వణికింది.

“బస్సు కుదుపు పెద్దమ్మా,” అన్న.

కోదాడల డ్రైవర్ ఇంజన్ బంద్ చేసిండు. టికెట్ ఇంకా వణుకుతనే ఉంది.

ఆమె కొంగు జరిపి గొంతు మీది కోత మచ్చ చూపింది. “నాకెవ్వరు సెప్పలె బిడ్డా. కడుపు నిలవలె. నువ్వు జర దవాఖానకు పో, మెడ సూపియ్యి.”

పోయిన. గొంతుల గ్రంథి జబ్బన్నరు, మందులిచ్చిన్రు.

ఆనాటి కడుపుల పిల్ల పెద్దదై, తనకే కడుపుతోని నాలుగో నెల వచ్చినప్పుడు, దాని వేళ్ల మీద టికెట్ పెట్టిన. అది నవ్వింది. టికెట్ కదలదని తేలేదాక నేను నవ్వలె.