తగరం ఏడ్చిందా?

ఆ వీధిలో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ కళాయక్కే. రాగి, ఇత్తడి పాత్రల లోపల తగరం పూత పూయడమే కళాయి వేయడం. ఆవిడ బతుకంతా ఆ పనే. పూత పోయిన రాగి గిన్నెలో పుల్లటిది ఏం వండినా చిలుము దిగి తిన్నవాళ్ల కడుపు తిప్పేస్తుంది. అందుకే గిన్నె అడుగు ఎర్రగా కనబడగానే ఇల్లాళ్లూ హోటళ్ల వంటవాళ్లూ ఆవిడ కొట్టుకు పరుగెత్తుకొచ్చేవారు.

కొట్టు ఒకటే కానీ పనులు రెండు. కుడివైపు ఆవిడ కొలిమి. ఎడమవైపు భర్తగారి రేకుల పని: డబ్బాలు, గరాటులు, మూతలు. ఆయన్ని జనం డబ్బా బావ అనేవారు. చేసేవీ డబ్బాలే, కొట్టుకునేదీ డబ్బానే మరి! ఎవరైనా వచ్చి "టిన్ను ఉందా?" అని అడిగితే ఆవిడ తగరం కడ్డీ తీసేది, ఆయన డబ్బా తీసేవాడు. వచ్చినవాళ్లు ఇద్దరి మొహాలూ చూసి తెల్లబోయేవారు.

"నిజం చెప్పాలంటే నా డబ్బాల్లో ఉన్నదంతా ఇనుమేనోయ్. తగరం పైపూత మాత్రమే" అని ఓసారి ఆయనే ఒప్పుకున్నాడు.

"మీ కబుర్లలో నిజంలాగా" అంది ఆవిడ.

ఆవిడ పని చేస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. గిన్నెను ఇసకతో తోమి, నిప్పుల మీద తిప్పుతూ పూత పట్టడానికి చిటికెడు నవసాగరం పొడి చల్లేది. బుస్సుమని తెల్లటి పొగ లేచేది. ఆ పొగలోనే కడ్డీని గిన్నెకు ఆనిస్తే తగరం వెన్నలా కరిగేది. దూదితో చుట్టూ ఒక్కసారి రాసేసరికి, నల్లటి గిన్నెలో వెన్నెల కాసేది.

ఈ విద్య తండ్రి నేర్పింది. తగరం కొనేటప్పుడు కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచి చూడమనేవాడు. మేలైన తగరం వంగేటప్పుడు కిరకిరమని సన్నగా చప్పుడు చేస్తుంది.

"తగరం ఏడుస్తుందమ్మా" అనేవాడు. "సీసం ఎక్కువ కలిపారనుకో, నోరు కుట్టేసినట్టు ఊరుకుంటుంది. ఏడవనిదాన్ని తినే గిన్నెకు పూయకు. సీసం విషం."

ఆ మాట ఆవిడ ఎన్నడూ జవదాటలేదు.

యాభై దాటాక లోకం కాస్త మెత్తబడినట్టు అనిపించసాగింది. మనుషులు నోట్లో నోట్లోనే మాట్లాడుకుంటున్నారనుకుంది. పక్కన భర్త సుత్తి దెబ్బలు మునుపటిలా విసుగు తెప్పించకపోతే, 'పాపం, ఈయనకు చేతిలో సత్తువ తగ్గింది' అనుకుంది గానీ తన చెవుల మీద అనుమానం రాలేదు.

ఒక ఉదయం తగరం వ్యాపారి కొత్త కడ్డీల కట్ట పంపాడు. ఆవిడ ఒకటి వంచి చూసింది. చప్పుడు లేదు. ఇంకోటి వంచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒళ్లు మండిపోయింది. కట్ట చంకన పెట్టుకుని చరచరా వ్యాపారి దుకాణానికి నడిచింది. సుత్తి చేతిలోంచి దించకుండానే డబ్బా బావ వెనకాల పరుగెత్తాడు.

"ఏం తమ్ముడూ, సీసం కలిపి అమ్ముతున్నావా? జనం తినే గిన్నెలయ్యా ఇవి!"

దుకాణం నిండా మనుషులు. వ్యాపారి మొహం కందగడ్డయింది. "నన్నా అక్కా ఆ మాట అనేది? ఇదిగో, అందరూ వినండి!" అంటూ ఆ కట్టలోంచే ఒక కడ్డీ లాగి, ఆవిడ చెవి పక్కనే పెట్టి వంచాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి కూడా వినబడిందన్నట్టు తలూపాడు. ఆవిడకు మాత్రం కడ్డీ వంగడం కనబడింది, అంతే. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

డబ్బా బావ భార్య మొహం చూశాడు. మరుక్షణం గొంతెత్తి, "నాకేం వినబడలేదే!" అన్నాడు.

"బావగారికి చెవుడు!" అని ఎవరో నవ్వారు.

"రోజంతా రేకులు బాదేవాడికి చెవులెక్కడివయ్యా!" అని ఆయన కూడా నవ్వేసి, "పదవోయ్, కొలిమి ఆరిపోతోంది" అంటూ ఆవిణ్ణి బయటికి తీసుకొచ్చేశాడు.

ఇంటికి వచ్చాక ఆవిడ కొలిమి జోలికి పోలేదు. వంటింటి గడప మీద కూర్చుని అడిగింది.

"నిజం చెప్పండి. ఏడ్చిందా?"

ఆయన చేతిలో సుత్తి కింద పెట్టాడు. "ఏడ్చింది."

"బాగానా?"

"చంటిపిల్లలా."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే ఇక నేను పనికి రాను."

"అదేం మాట! నేను లేనూ? నీ బదులు నేను వింటా. నా చెవి పాము చెవి!"

"మీరా? చీపురుపుల్ల వంచినా ఏడ్చిందనే అంటారు" అంది. అంత దిగులులోనూ నవ్వొచ్చింది.

మర్నాడు కూడా కొట్టులో ఉత్తినే కూర్చుంది. చేతులు ఊరుకోవు కదా, ఒక కడ్డీ తీసి, దాని కొస దవడకు ఆనించుకుని, ఏదో ఆలోచిస్తూ వంచింది. దవడ ఎముకలో చిటచిటలాడింది, లోపల చీమలు పరుగెత్తినట్టు. ఉలిక్కిపడి మళ్లీ వంచింది. మళ్లీ చిటచిట.

"ఏవండీ, ఇలా రండి!"

ఆయన రేకులు అతికే కడ్డీ ఒకటి తెచ్చాడు. అందులో సగానికి పైగా సీసమే. ఆవిడ కళ్లు మూసుకుంది. ఆయన కడ్డీలు మార్చి మార్చి చేతికిచ్చాడు. దవడకు ఆనించి వంచడం, ఇది తగరం, ఇది కాదు అనడం. ఆయన కొంటెగా ఒకే కడ్డీని వరసగా ఇచ్చినా పట్టేసింది.

"మా ఆవిడకు ఎముకలే చెవులు! ఊరంతా చెప్పొస్తా!" అని లేచాడు డబ్బా బావ.

"ముందు నేను చెప్పాల్సింది ఒకటుంది" అని ఆవిడ చెప్పులేసుకుంది.

దుకాణంలో జనం ఉండగానే వెళ్లి వ్యాపారి ఎదుట నిలబడింది. "తమ్ముడూ, నీ సరుకు మంచిదే. ఏడ్చింది, నా చెవికే ఎక్కలేదు. నాకు చెవుడొచ్చింది. నలుగురిలో నిన్ను అన్నాను, ఆ నలుగురిలోనే చెబుతున్నా, తప్పు నాదే."

వ్యాపారి మొహం తిప్పుకుని త్రాసు తుడవసాగాడు. "నిన్న నాకు ముద్ద దిగలేదక్కా" అన్నాడు ఆవిడ వైపు తిరిగి.

ఆ మాట ఆవిడకు సరిగా వినబడలేదు. కానీ పెదవులు చూస్తే అర్థమైంది. "నాకూ అంతే" అంది. "ఇకమీదట కడ్డీని దవడకు ఆనించి వంచుతా, ఎముకకు తెలుస్తోంది."

వ్యాపారి లోపలికి వెళ్లి, కొత్త చోటు నుంచి తెప్పించిన కట్ట ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. "దీని మీద నాకే నమ్మకం లేదు. కాస్త చూసిపెట్టు." ఆవిడ ఒక్కొక్కటీ దవడకు ఆనించి చూసింది. కొన్ని మాట్లాడాయి, కొన్ని మూగనోము పట్టాయి. మూగవాటిని ఆ సాయంత్రమే అతను తిప్పి పంపేశాడు.

ఆవిడ కొట్టుకు వచ్చేసరికి ఒక హోటలు వంటాయన పెద్ద రాగి బాన దించి, దానికేసి చూపిస్తూ ఏదో గొణుగుతున్నాడు.

"గట్టిగా చెప్పు నాయనా, నాకు చెవుడు" అంది కళాయక్క, మొహమాటం లేకుండా, కొలిమిలో బొగ్గులు పోస్తూ.