పేరు చెప్పని పసరు

కరోనా సద్దుమణిగాక వచ్చిన మొదటి వానాకాలంలో, తిరుపతిలోని ఒక పరిశోధనశాలలో నాకు డెంగీ పని అప్పగించారు. మొక్కల నుంచి రసాయనాలు వేరుచేయడం నా వృత్తి. ఆకు నీడలో ఎండబెట్టి, సారం తీసి, దాన్ని వైరస్ సోకిన కణాల మీద వేసి, వైరస్ తగ్గిందో లేదో చూడాలి.

చంద్రగిరి చుట్టుపక్కల నుంచి ఆకులు తెచ్చేవాడు మా క్షేత్ర సహాయకుడు మునిరత్నం. అతను తెచ్చిన ఒక పొద ఆకు సారానికి వైరస్ దాదాపు కనబడకుండా పోయింది. ఆ మొక్క పేరు ఇక్కడ రాయను. రాస్తే రేపు ఎవరో ఒకరు నూరుకుని తాగుతారు. ఆ రోజు ల్యాబంతా సంబరపడి మైసూర్‌పాకు పంచింది, మునిరత్నానికీ పెట్టింది. రెండో పరీక్ష మిగిలే ఉందని నేను గొణిగాను. వైరస్ సోకని కణాలు అదే సారాన్ని తట్టుకుంటాయా అని చూసే పరీక్ష అది. నన్ను చాదస్తుడి కింద జమకట్టారు. ముఖం మాడ్చుకునే నేనూ ఒక ముక్క తిన్నాను.

ఆ రెండో ఫలితం వచ్చిన ఉదయం మైక్రోస్కోపులో చూశాను. వైరస్ సోకని కణాలు కూడా ముడుచుకుపోయి, పళ్లెం అడుగు నుంచి ఊడి తేలుతున్నాయి. వైరస్‌ను మందు చంపలేదు. వైరస్ పెరగడానికి బతికున్న కణమే మిగల్లేదు.

అంతలో మునిరత్నం కూతురు డెంగీతో ఆస్పత్రిలో ఉందని తెలిసి వెళ్లాను. ఇంటర్ చదివే పిల్ల. లివర్ పరీక్షల్లో అంకెలు ఉన్నట్టుండి పెరిగిపోయాయని, డెంగీ ఒక్కటే ఇంత వేగంగా చేయదని డాక్టరమ్మ అన్నారు. ఇంట్లో ఏమైనా తాపించారా అని ఆమె అడిగిన ప్రతిసారీ మునిరత్నం తల అడ్డంగా ఊపాడు.

అతని గోళ్ల సందుల్లో పచ్చని మరక కనిపించింది. మా వైపు పసరు పోసినవాళ్లు దాని పేరు బయటికి చెప్పరు. చెబితే మందు పట్టదని నమ్మకం. బిడ్డ బతకాలనే ఆ మనిషి నోరు విప్పడం లేదు.

వరండాలోకి పిలిచి, మన ల్యాబుకు తెచ్చిన ఆ ఆకే నూరి పోశావా అని అడిగాను.

"సెప్పకూడదు సార్. సెప్తే ఇరిగిపోతాది" అన్నాడు.

అది బతికున్న కణాలనే చంపుతోందని, ఆ పొద్దునే నా కళ్లతో చూశానని చెప్పాను.

"మీరంతా నవ్వుకుంటా స్వీటు పెడితిరి కదా సార్. దాన్ని సూసే తాపిస్తి."

అతన్ని తోడుకుపోయి డాక్టరమ్మ ముందు నిలబెట్టాను. కూతురి ప్రాణం తన నోటితోనే తీస్తున్నట్టు ఆకు పేరు చెప్పాడు. పసరు ఆగింది, చికిత్స మార్చారు. పిల్ల నెమ్మదిగా కోలుకుంది.

ఆ తర్వాత నేను ఉన్నన్నాళ్లూ మా ల్యాబులో రెండో పరీక్షే ముందు చేశాం. కణం బతికుందని తేలనిదే వైరస్ పోయిందని ఎవరూ అనకూడదు, మిఠాయి తెప్పించకూడదు.