దేవదాస్ బండి, రాజమల్లు అరుగు

కోరుట్లలో దేవదాస్ గౌడ్ ఇల్లెక్కడని అడిగితే వెంటనే ఎవరూ చెప్పరు. "గా పెద్ద బండాయనా?" అని ఎదురడుగుతారు. బండి వచ్చి ఏడాది కాలేదు, యాభై రెండేళ్ల మనిషి పేరును అప్పుడే మింగేసింది.

తాత, తండ్రి తాటిచెట్లు గీసి బతికారు. దేవదాస్‌కు నిచ్చెన ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి. అందుకని చెట్టు జోలికి పోకుండా సౌదీ పోయి, ఇరవై ఏళ్లు ఒక సేటు దగ్గర డ్రైవరీ చేశాడు. ఆ సేటుకు ఏనుగంత పికప్ ఉండేది. ముందర ఐదుగురు కూర్చోవచ్చు, వెనక తొట్టిలో ఒంటెల మేత వేసుకోవచ్చు. ఇసుకలో దాన్ని నడిపిందీ దేవదాసే, పొద్దూమాపూ తుడిచిందీ దేవదాసే. కానీ బండి సేటుది. ఎప్పటికైనా అలాంటిదాన్ని నాది అనుకుని నడపాలని ఆయన మనసులో పడిపోయింది. సౌదీకి సలాం కొట్టి వచ్చేసిన ఏడెనిమిదేళ్లకు, హైదరాబాద్ వెళ్లి అచ్చం అలాంటి పాత బండినే కొన్నాడు. నల్లగా, పదిహేడున్నర అడుగుల పొడుగుంది.

తెచ్చే దారిలోనే తలనొప్పి మొదలైంది. వెనక తొట్టి చూసి సిరిసిల్ల దగ్గర ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అన్నా, కిరాయికి అస్తవా? రెండు బర్రెలున్నయి." దేవదాస్ అద్దం పైకెత్తుకున్నాడు.

భార్య స్వరూప బండిని చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఇంట్ల ఉండేది మనమిద్దరం. గింత బండిల ఏం తెస్తవు? పావుకిలో టమాటలా?"

"నీకేం తెల్వది. ఒకసారి కూసుంటే నువ్వే దిగనంటవు," అన్నాడు దేవదాస్. కూర్చోవాలంటే ముందు ఎక్కాలి కదా. ఆవిడ ఎక్కడానికి ఇంట్లోంచి పీట తేవాల్సి వచ్చింది.

ఇదంతా నవ్వులాట. నవ్వలేని సంగతి వేరే ఉంది. దేవదాస్ ఇల్లు సందు చివర, అన్న రాజమల్లు ఇల్లు సందు నడుమ. ఆ ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. తండ్రి పోయినప్పుడు ఆయన చెట్టెక్కే మోకును రాజమల్లు ఒక లేనివాడికి ఇచ్చేశాడు. "నన్నడుగకుంట నాయిన మోకు ఎట్ల ఇస్తవు?" అని తమ్ముడు దినాల భోజనాల దగ్గరే లేచాడు. "ఏం, నువ్వు చెట్టెక్కుతవా?" అన్నాడు అన్న. పంక్తిలో అందరూ నవ్వారు. ఆ నవ్వుకు ఒళ్లు మండి, "చచ్చినా ఇగ నీ అరుగు తొక్క" అని దేవదాస్ ఒట్టు పెట్టుకున్నాడు. మర్నాడే పశ్చాత్తాపపడ్డాడు గానీ, పదిమందిలో అన్న మాటను వెనక్కి ఎవరు తీసుకుంటారు? అప్పటి నుంచీ ఆ ఇంటి ముందు మొహం పక్కకు తిప్పుకొని నడవడమే.

మంగళవారం కొండగట్టు గుడిలో బండికి పూజ చేయించాడు. తిరిగొచ్చాక హారతి, గుమ్మడికాయ సందు బయట రోడ్డు మీదే కానిద్దామంది స్వరూప. "కాదు, బండి నా వాకిట్లకు రావాలె," అన్నాడు దేవదాస్. పాపం, ముందే సందు కొలిచాడు కూడా. సందు మొదట్లో కొలిచాడు, తన ఇంటి ముందు కొలిచాడు. రెండు పక్కలా జానెడు మిగులుతుందని తేలింది. అన్న ఇంటి ముందు మాత్రం అలవాటు కొద్దీ మొహం తిప్పుకొని దాటిపోయాడు. అక్కడ అరుగు రెండడుగులు సందులోకి వచ్చి ఉంటుందని, చిన్నప్పుడు దాని మీదే పొర్లాడిన మనిషికి గుర్తు రాలేదు.

అద్దాలు మడిచి, బండిని సందులోకి తిప్పాడు. సగం దూరం పెళ్లికొడుకులా నడిచిన బండి కర్రుమని ఆగిపోయింది. బండి ఎడమ పక్క కింది అంచు అరుగు రాయికి తగులుకుంది. కుడి పక్క ఎదురింటి గోడ. బండి ముందుకు పోదు, వెనక్కి రాదు. ఏ తలుపూ తెరుచుకోదు. దిగాలంటే ఎడమ కిటికీ ఒక్కటే దారి. అందులోంచి దిగితే కాలు పడేది రాజమల్లు అరుగు మీద.

వాడంతా జమైంది. స్వరూప హారతి పళ్లెంతో బండి వెనక నిలబడి అరిచింది. "కిటికీలకెళ్లి దిగు!"

"ఒట్టు పెట్టుకున్న," అన్నాడు లోపలి నుంచి.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు!"

దేవదాస్ కదల్లేదు. ఏసీ వేసుకొని స్టీరింగ్ పట్టుకొని అలాగే కూర్చున్నాడు. చెమట మాత్రం ఆగలేదు.

గోల విని రాజమల్లు బయటికి వచ్చాడు. బండిని చూశాడు, అరుగును చూశాడు, కిటికీలో తమ్ముణ్ని చూశాడు. లోపలికి పోయి గడ్డపారతో తిరిగొచ్చాడు. బండి పని అయిపోయిందనుకున్నాడు దేవదాస్. కానీ ఆ గడ్డపార దెబ్బ అరుగు అంచున పడింది. రాయి పెచ్చు ఎగిరింది.

"అన్నా!" కిటికీలోంచి సగం బయటికి వచ్చి కేకేశాడు దేవదాస్. "కొట్టకే! నాయిన కట్టిన అరుగే అది!"

రాజమల్లు గడ్డపార ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. "మరి నువ్వెట్ల దిగుతవురా? అరుగు తొక్కనని ఒట్టు పెట్టుకుంటివి గద. అరుగు లేకుంటే నీ ఒట్టు నీకుంటది."

తను పంతంతో పెట్టుకున్న ఒట్టును ఆరేళ్లుగా అన్న తనకంటే భద్రంగా దాచిపెట్టాడని దేవదాస్‌కు అప్పుడు తెలిసింది. దుఃఖం పొంగుకొచ్చింది. కిటికీలోంచి ఇంకాస్త ముందుకు జరిగాడు. పొట్ట ఇరుక్కుంది. రాజమల్లు గడ్డపార పారేసి, తమ్ముడి చంకల కింద చేతులు వేసి లాగాడు. ఇద్దరూ కలిసి అరుగు మీద వెల్లకిలా పడ్డారు.

పడ్డవాళ్లు వెంటనే లేవలేదు. రాజమల్లు రొప్పుతూ బండి వైపు చూశాడు.

"ఆరేండ్ల సంది నాలుగడుగులు నడిచి రాకపోతివి. మా ఇంటికి రానీకె గింత పెద్ద బండి కావాల్సచ్చెనారా?"

దేవదాస్ అన్న భుజం మీది తువ్వాల లాక్కొని మొహం తుడుచుకున్నాడు.