తాళం వేసిన గదిలో లాగిన్

ముందే చెప్పేస్తున్నాను, నేను పిరికిదాన్ని కాదు. హాస్టల్లో ఉన్నప్పుడు అమ్మాయిలంతా ఒకే దుప్పట్లో దూరి దయ్యాల కథలు చెప్పుకుంటుంటే, మధ్యలో లేచి ఒక్కదాన్నే కిందికెళ్లి నీళ్లు తాగి వచ్చే రకాన్ని. ఎవరైనా "నిజంగా జరిగిందే" అని మొదలుపెడితే "నువ్వు చూశావా?" అని అడిగి కథంతా పాడుచేసేదాన్ని. ఇప్పుడు నన్నెవరైనా అదే అడిగితే చూశాననే చెప్పాలి. కాకపోతే నేను చూసింది మనిషిని కాదు, ఆకారాన్నీ కాదు. నల్ల తెర మీద కొన్ని వరసల అక్షరాలు, అంతే.

నాది పెద్ద చదువు కాదు. ఇంటర్‌తో ఆపేసి, అమీర్‌పేటలో ఆరు నెలల కోర్సు చేసి, మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్‌గా చేరాను. అక్కడ ఏ కంప్యూటర్‌లోనూ విండోస్ లేదు, అన్నీ లినక్సే. కొనక్కర్లేదు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. చేరిన కొత్తలో నాకు ఏడుపొచ్చేది. ఒక అప్‌డేట్ చేస్తే సౌండ్ పోయేది, ఇంకోటి చేస్తే వైఫై పోయేది, ప్రింటర్ మాత్రం ఎప్పుడూ అలిగే ఉండేది.

నాకు అన్నీ నేర్పింది మా సీనియర్ ప్రసాద్ గారు. తెనాలి వైపు మనిషి, నెమ్మదస్తుడు. "ఇది చెడిపోతే ఎందుకు చెడిపోయిందో ఇదే రాసిపెడుతుందమ్మాయ్. ఆ లాగ్ చదవడం నేర్చుకో. మనుషులు అబద్ధం చెప్తారేమో గానీ లాగ్ చెప్పదు" అనేవారు. నేర్చుకున్నాను. నేర్చుకున్నాక పిచ్చి పట్టుకుంది. ఆదివారం కూర్చుని పోయిన సౌండ్ తెప్పించుకుంటే, పది మందికి వంట చేసి పెట్టినంత తృప్తిగా ఉండేది.

ఆ పిచ్చితోనే ఒక పాత ఆఫీసు కంప్యూటర్ కొని ఇంట్లో పెట్టుకున్నాను. దానికి బొమ్మలు చూపించే ఓపిక లేదు. అందుకే మౌస్ లేకుండా నల్ల తెరతోనే నడిచేలా లినక్స్ వేశాను. తెర మీద పేరు అడుగుతుంది, తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుంది, సరిపోతేనే లోపలికి రానిస్తుంది. ఇంకో సంగతి, మాలాంటివాళ్లం మెషీన్ ఆపం. నాది నెల నుంచి ఆగలేదంటే నాది ఆరు నెలలని గొప్పలు పోతాం. ఇన్వర్టర్ పుణ్యమా అని నాది నాలుగు నెలలుగా ఆగకుండా నడుస్తోంది.

మేముండేది హఫీజ్‌పేటలో, కిరాయి ఇల్లు, రెండో అంతస్తు. మా రమేశ్ అన్న, సుజాత వదిన, నేను. అన్న ఐటీ కంపెనీల వాళ్లకు క్యాబ్ నడుపుతాడు. కంప్యూటర్ వెనక చిన్న గదిలో ఉండేది. వదినకు అప్పుడు ఏడో నెల నిండింది. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అందుకే డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: మెట్లు దిగొద్దు, ఎక్కువసేపు పడుకునే ఉండాలి, టెన్షన్ అసలే పడొద్దు. పొద్దున తొమ్మిదికి మేమిద్దరం వెళ్లిపోతే సాయంత్రం దాకా ఇంట్లో వదిన ఒక్కతే.

ఒక సోమవారం సాయంత్రం నేను చెప్పులు విప్పుతుంటే వదిన అడిగింది.

"మమతా, నీ డబ్బా దానంతటదే నడుస్తదా ఏంది?"

"ఎందుకు వదినా?"

"నువ్వు పోయినంక, మధ్యాహ్నం పూట గదిల టకటక సప్పుడైతుంది. నువ్వు టైప్ కొట్టినట్టే. వారం సంది ఇంటున్న."

"ఎలుక గిట్ల తిరుగుతుండొచ్చు తియ్."

"ఎలుక ఆగి ఆగి కొడ్తదా? కొట్టి, జర సేపు ఆలోచించి, మల్ల కొడ్తుంది."

నవ్వాను. నవ్వినా, ఆమె మొహం చూస్తే భయపడినట్టే కనిపించింది. ఈ భయం ఇప్పుడే తీర్చేయాలనుకున్నాను. "రా వదినా, చూపిస్తా. దీన్ని ఎవరు ముట్టుకున్నా నిమిషంతో సహా రాసిపెడుతది. ఏం లేకుంటే ఏం లేనట్టే" అని కుర్చీ వేసి కూర్చోబెట్టి లాగ్ తెరిచాను.

ఖాళీగా ఉంటుందనుకున్నాను. లేదు. ఆ రోజు పన్నెండూ నలభైకి ఎవరో పేరు కొట్టి లోపలికి రావాలని చూశారు. కుదరలేదు. మళ్లీ చూశారు. మొత్తం మూడుసార్లు. అంతకు ముందు రోజుల్లోనూ అంతే, అదే సమయం.

వదినకు ఆ ఇంగ్లీషు వరసలు అర్థం కావు. నా మొహం వైపే చూస్తోంది. "ఏం లేదు వదినా, అంతా ఖాళీనే. ఫికర్ చెయ్యకు" అన్నాను. నమ్మింది. పోయి పడుకుంది. ఆ అబద్ధం గురించి ఇప్పటికీ నాకు మనసులో ముల్లు గుచ్చుతూనే ఉంది. నిజం చెబితే ఆమెకు ప్రమాదం, చెప్పకపోతే అదేదో ఉన్న ఇంట్లో ఆమె ఒక్కతే. ఏది తప్పో ఆ క్షణంలో తేల్చుకోలేకపోయాను.

మర్నాడు ప్రసాద్ గారికి చెప్పాను. బయటి నుంచి ఇంటర్నెట్‌లో ఎవరైనా తలుపు తడుతున్నారేమోనని నా అనుమానం. ఆయన తన పేరుతో నేను తెరిచిచ్చిన ఖాతాలోంచి, ఆఫీసు నుంచే నా ఇంటి మెషీన్‌లోకి వెళ్లి లాగ్ చూసి తల అడ్డంగా ఊపారు. బయటి నుంచి వస్తే వచ్చిన చోటు గుర్తు ఉంటుంది. ఇది అలా కాదు. ఆ గదిలో ఆ కీబోర్డు మీదే కొట్టినట్టు ఉంది.

"మీ వదినగారే సరదాకి నొక్కి ఉంటారమ్మాయ్."

"మరి ఏ పేరు కొట్టారో ఎందుకు లేదండీ?"

తెలియని పేరు కొడితే అది దాచేస్తుందట. ఎందుకంటే నిద్రమొహంతో పేరు అడిగిన చోట పాస్‌వర్డ్ కొట్టేయడం మా అందరికీ అలవాటైన పొరపాటు. అది లాగ్‌లో పడితే అందరికీ తెలిసిపోతుంది కదా. "రెండు రోజులకి ఆ దాపరికం తీసేద్దాం" అని సెట్టింగ్ మార్చారు.

బుధవారం ఆ గదికి కొత్త తాళం కొని వేశాను. తాళంచెవులు రెండూ నా బ్యాగులోనే. సాయంత్రం వచ్చి తాళం తీసి లాగ్ చూస్తే, పన్నెండూ నలభైకి మూడు పేర్లు. సుజాత. మమత. రమేశ్.

మా ముగ్గురి పేర్లే. ఆ మెషీన్‌లో నా ఖాతా పేరు మాత్రం వేరే. పేరు పేరుకీ మధ్య రెండు మూడు నిమిషాలు. అది చదువుతుంటే నాకు ఒకటే అనిపించింది. ఎవరో మా గుమ్మం ముందు నిలబడి, ఎవరి పేరు చెబితే లోపలికి రానిస్తారా అని ఒక్కో పేరూ చెప్పి చూస్తున్నారు.

అన్నకు చెబుదామని చూశాను. ఆ రోజు అతను ఎయిర్‌పోర్టు డ్యూటీ చేసి వచ్చి, తింటూ తింటూనే కునుకు తీస్తున్నాడు. "నీ డబ్బా అమ్మి పారెయ్ రాదు" అంటాడు, అంతకంటే ఏమంటాడు? నిజం చెప్పాలంటే, నాకు అది ఏమిటో తెలుసుకోవాలన్న మొండితనం కూడా ఉంది. ఆ పూటే తీగ పీకేసి ఉండాల్సింది.

గురువారం కీబోర్డు పీకి, చున్నీలో చుట్టి, బ్యాగులో పెట్టుకుని ఆఫీసుకు పోయాను. గేటు దగ్గర బ్యాగు చూసే సెక్యూరిటీ అక్క పకపకా నవ్వింది.

"ఏంది మేడం, లోపల కీబోర్డులు కరువైనయా?"

"ఇంట్ల ఉంటే ఎవరో కొడ్తున్నరక్కా" అన్నాను. జోకే అనుకుంది.

పన్నెండున్నరకు అందరూ భోజనాలకు వెళ్లారు. ప్రసాద్ గారు పెరుగన్నం డబ్బా తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు. నా తెర మీద మా ఇంటి లాగ్ తెరిచి ఉంది, కొత్త వరస పడితే పడ్డట్టే కనిపించేలా. కీబోర్డు నా కాళ్ల దగ్గర బ్యాగులో ఉంది. కిటికీ నిండా ఎండ, కింద రోడ్డు మీద హారన్లు. భయపడే వేళా కాదు, భయపడే చోటూ కాదు.

పన్నెండూ నలభైకి మొదటి వరస పడింది. సుజాత.

ప్రసాద్ గారు స్పూన్ నోటి దగ్గరే ఆపేశారు. "కీబోర్డు నిజంగా తీశావా?" అన్నారు. నేను బ్యాగు జిప్పు లాగి చూపించాను.

మమత. నా పేరు పడినప్పుడు బ్యాగును కాళ్ల మధ్యకు లాక్కున్నాను. తర్వాత రమేశ్. మూడూ కుదరలేదు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు నాలుగో పేరు పడింది. ఎప్పుడూ వినని పేరు. ఆడపిల్ల పేరు.

"ఇదెవరమ్మాయ్?"

"తెలీదండీ. మా ఇంట్ల ఎవరూ లేరు ఆ పేరుతోని."

అదే పేరు ఇంకోసారి. మళ్లీ ఇంకోసారి. పన్నెండూ యాభై రెండుకి పడిన వరస చూసి ప్రసాద్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఈసారి కుదరలేదని లేదు. లోపలికి వచ్చినట్టు ఉంది. ఆ పేరుతో నా మెషీన్‌లో ఖాతాయే లేదు. లేని మనిషిని అది లోపలికి రానిచ్చింది.

వదినకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"మమతా, సప్పుడు ఇప్పుడే ఆగింది. ఆగినంక గడియ తీసినట్టు అయింది."

"వదినా, లేచి తలుపు తీసుకుని బయటికి రా. మెట్ల మీద కూసో. కిందింటి ఆంటీని పిలుస్త." అంతటితో ఆగాల్సింది. నోరు ఆగలేదు. ఆ పేరు చెప్పి, "ఎవరు వదినా?" అని అడిగాను.

వదిన ఏడుస్తూ అంది, "ఆ పేరు నీకెవరు చెప్పిన్రు? మీ అన్నకు గూడ చెప్పలే. నోట్ల నుంచి బయటికి అనలే. బిడ్డ పుడితే పెట్టుకుందామని మనసుల అనుకున్న పేరది."

వదిన ఇంకో మాట అంది.

"మమతా, ఇందాకటి సంది కడుపుల కదుల్త లేదు."

వెంటనే అన్నకు ఫోన్ చేశాను. అతను ఆ సమయానికి కొండాపూర్‌లోనే ఉండటం మా అదృష్టం. నేను ఆటోలో ఏడుస్తూనే వెళ్లాను. నేను చేరేసరికే అన్న, కింది ఆంటీ కలిసి వదినను దవాఖానకు తీసుకుపోయారు. బిడ్డ గుండె చప్పుడు బాగా తగ్గిపోయిందని వెంటనే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. రెండు అరచేతుల్లో ఇమిడేంత. బతికింది. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే చెప్పలేకపోయేదాన్నని డాక్టరమ్మ అంది. పాపను చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు.

మర్నాడు పొద్దున ప్రసాద్ గారూ నేనూ ఇంటికి వెళ్లాం. గది తాళం వేసింది వేసినట్టే ఉంది. తీశాను. కీబోర్డు లేని బల్ల మీద దుమ్ము కూడా చెదరలేదు. ఆయన తెచ్చుకున్న లాప్‌టాప్‌లోంచి మెషీన్‌లోకి వెళ్లి, లోపల ఎవరెవరున్నారో అడిగారు. ఆయన పేరు చూపించింది. దాని పైన ఆ పేరు, నిన్న పన్నెండూ యాభై రెండు నుంచి.

"వచ్చినట్టు ఉంది, బయటికి వెళ్లినట్టు లేదమ్మాయ్" అన్నారు. ఆయన గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు. ఇంకేమీ కొట్టకుండా వంగి, గోడలోంచి ప్లగ్ పీకేశారు.

డిస్క్ ఆయన తీసుకెళ్లి నెల రోజులు చూశారు. ఖాతాల్లో ఆ పేరు లేదు. ఎవరూ జొరబడిన గుర్తూ లేదు. వేళకు దానంతటదే నడిచే స్క్రిప్ట్ ఏదో నేనే రాసి మర్చిపోయానేమోనని కూడా వెతికారు, దొరకలేదు. అయినా మనసులో అనుకున్న పేరు ఏ స్క్రిప్టుకు తెలుస్తుంది?

మమ్మల్ని ఆ వేళకు దవాఖానకు చేర్చడానికే అదంతా జరిగిందేమో అంటారు ప్రసాద్ గారు. అన్న ఒప్పుకోడు. "మంచికొచ్చింది అయితే మా పేర్లు సెప్పి లోపలికి ఎందుకు రావాలె? అది బిడ్డ కోసమే వచ్చింది" అంటాడు. రెండూ నిజమనిపిస్తాయి, ఏదీ నమ్మలేను. వదిన మాత్రం నా అబద్ధం సంగతి ఒక్కసారే ఎత్తింది. "నువ్వు సూసి గూడ చెప్పలేదు గదా" అంది.

మేం నిజాంపేటకు మారిపోయాం. నేను ఇప్పటికీ లినక్స్ మీదే పని చేస్తున్నాను, అదే నా అన్నం. కాకపోతే సాయంత్రం లేచే ముందు మెషీన్ ఆపి, దాని లైటు ఆరిందాకా నిలబడి చూస్తాను. నా గొప్పలు అక్కడితో పోయాయి.

పాపకు ఇప్పుడు రెండో ఏడు. ఇల్లంతా పరుగులు పెడుతోంది. ఆమెకు వేరే పేరు పెట్టాం. మొదటి పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు. ఇదంతా ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినవాళ్లెవరైనా చెబుతారేమోనని రాశాను. ఆ పేరు మాత్రం అడక్కండి. ఇది టైప్ చేస్తున్నంతసేపూ ఆ అక్షరాలు ఒక వరసలో పడకుండా వేళ్లను కాచుకుంటూనే ఉన్నాను.