మట్టిముద్ద చెప్పిన అబద్ధం

మా ఆయన ఎల్డన్ భయపడ్డాడో లేదో తెలుసుకోవాలంటే ముఖం చూసి లాభం లేదు, చేతులు చూడాలి. భయమేస్తే చేతులు కడుక్కుంటాడు. మా పెళ్ళి జరిగిన రోజున చర్చి వెనక కొళాయి దగ్గర ఇరవై నిమిషాలు నిలబడ్డాడని వాళ్ళమ్మ చెప్పేది. ఆ గురువారం పొద్దున గ్యారేజీలో కొళాయి ఆగకుండా పారుతున్న చప్పుడు వినగానే చేతిలో పని వదిలేశాను.

ఎందుకంటే ఆ మధ్యాహ్నమే ఆర్డిత్ కారు ఇంజన్‌ మొదటి స్టార్టు.

ఆర్డిత్ మాకు రెండిళ్ళ అవతల ఉంటుంది. కార్లు చేసే మా ఊరు ఫ్లింట్‌లో మా వీధిలో చాలామందిలాగే ఫ్యాక్టరీలో పనిచేసింది. 1973లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా ఆ కారు కొనుక్కుంది. ఇప్పుడు అరవై ఎనిమిది. చూపు మధ్యలోంచి మసకబారుతోంది. రోడ్డు కనబడుతుంది గానీ అక్షరాలు కనబడవు. సెప్టెంబరులో పుట్టినరోజు దాటాక లైసెన్సు ఇక లేదని డాక్టరు తేల్చేశాడు. "ఆలోపు డ్రాగ్ స్ట్రిప్‌లో, ఆ పావు మైలు పందెం రోడ్డు మీద, ఒక్కసారి దాని గొంతు విప్పించాలి ఎల్డన్" అంది జూన్‌లో మా ఇంటికొచ్చి. ఆ పుట్టినరోజుకు ముందు స్ట్రిప్ తెరిచే ఆఖరి రోజు ఆ వారం శనివారమే.

ఆ ఇంజన్ పనిని మా ఆయన కాదనలేకపోయాడు. దాని వెనక ఒక సంగతుంది, అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆర్డిత్ కారు ఇంజన్ తయారైన లైనులో అప్పట్లో పిస్టన్లు బిగించింది ఎల్డనే. పొగ తగ్గించాలని పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. ఒక సోమవారం ట్రేలు మారాయి. నున్నటి తల ఉన్న పిస్టన్ల బదులు తల మీద సాసరంత గుంట ఉన్నవి వచ్చాయి. గుంట ఉంటే గాలి గట్టిగా నొక్కుకోదు, కంప్రెషన్ పడిపోతుంది, పైకి పులిలా కనిపించే కారు పిల్లిలా కదులుతుంది. "జనం బానెట్ చూసి కొనుక్కుంటారు రోవీనా, లోపల గుంట పెట్టింది నేను" అని ఆ ఏడంతా అన్నం దగ్గర కూడా అదే మాట. ఉత్తర్వు ఇచ్చినవాళ్ళు హాయిగా నిద్రపోయారు, ఈయనకే పట్టలేదు. నాకైతే ఒళ్ళు మండేది.

అందుకని వేసవంతా ఆ ఇంజన్ మీదే పడ్డాడు. నున్నటి పిస్టన్లు తెప్పించాడు. పిస్టన్ల మీద మూతల్లా కూర్చునే హెడ్లను కాస్త చెక్కించాడు. వాల్వుల్ని ఇంకా లోతుగా తెరిచే క్యామ్ వేశాడు. ఇంజన్ మొండెం, అంటే బ్లాకు, మాత్రం పాతదే. దాని మీద కొట్టిన నంబరూ కారు నంబరూ ఒకటే. అది పగిలితే మరో ఇంజన్ దొరుకుతుంది గానీ ఆ ఇంజన్ దొరకదు, ఆర్డిత్‌కు మరో వేసవీ దొరకదు.

పిస్టన్ పైకొచ్చేటప్పుడు వాల్వు కిందికి దిగుతుంది. రెండూ తగలకూడదు. అది చూడ్డానికి మా వాళ్ళ పద్ధతి మట్టిముద్ద. నేను ఒకటో తరగతి పిల్లలకు పాఠం చెబుతాను గనక మా ఇంట్లో రంగు మట్టికి కరువు లేదు. పచ్చముద్ద ఒకటి పిస్టన్ తల మీద పెట్టి, హెడ్డు బిగించి, ఇంజన్‌ను పానాతో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ విప్పి, మట్టిని కోసి మందం కొలిచాడు. "కావలసినదానికంటే ఎక్కువే ఉంది" అని పొంగిపోయి మూసేశాడు.

గురువారం పొద్దున డ్రిల్లుతో నూనె పంపు తిప్పి, ఇంజన్ అంతా నూనె పారించాడు. తర్వాత పానా వేసి రెండు చుట్లు తిప్పాడు. అప్పుడే కొళాయి మొదలైంది.

"ఏమైంది?" అని వెళ్ళి అడిగాను.

"ఏం లేదు."

"ఏం లేనిదానికి సబ్బు సగం అరగదీశావా?"

"వెళ్ళు రోవీనా, పొయ్యి మీద కూర చూసుకో."

మధ్యాహ్నానికి మా వాకిలి నిండిపోయింది. మొదటి స్టార్టంటే మా వీధిలో ఊరికే రారు, తలా ఒక గిన్నె పట్టుకొస్తారు. బీన్సు, బంగాళాదుంప సలాడు, చెర్రీపళ్ళు కూరి కాల్చిన పై. ఎల్డన్‌తో ముప్పై ఏళ్ళు లైనులో నిలబడ్డ క్లైడ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎల్డన్ మూసిన ఇంజన్ దేవుడు కూడా తెరవక్కర్లేదు" అనేది వాడు పుట్టించిన మాటే. మా ఆయన దాన్ని పతకంలా మోస్తున్నాడు.

ఆర్డిత్ మంచి గౌను వేసుకుని స్టీరింగు ముందు కూర్చుంది. కొత్త క్యామ్‌ను మొదటిసారి ఊరికే గురగురలాడించకూడదు. అంటుకున్న క్షణం నుంచి ఇరవై నిమిషాలు గట్టిగా తిరుగుతూనే ఉండాలి. అంటే తప్పేదైనా ఉంటే ఆపే వ్యవధి ఉండదు. ఎల్డన్ బానెట్ మీదికి వంగి తీగలన్నీ మళ్ళీ మళ్ళీ తడుముతున్నాడు. మెడ వెనక చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నేను నిమ్మరసం జగ్గు కింద పెట్టేసి ఆయన చేతులే చూస్తున్నాను.

"తిప్పనా?" అంది ఆర్డిత్.

ఎల్డన్ మరో తీగ తడిమాడు.

"ఒరేయ్, ముహూర్తం దాటిపోతోంది" అని అరిచాడు క్లైడ్.

ఆర్డిత్ తాళం మీద వేళ్ళు బిగించింది. నేనే అరిచేదాన్ని, ఈలోగా ఎల్డన్ బ్యాటరీ తీగ పట్టి ఊడబెరికాడు.

"తిప్పకు. దిగు ఆర్డిత్."

క్లైడ్ కుర్చీలోంచి సగం లేచాడు.

"పొద్దున తిప్పుతుంటే తగిలింది" అన్నాడు నేల చూస్తూ. "చాలా మెత్తగా, గోరు తగిలినట్టు. నా భ్రమేమో అనుకున్నా, అనుకోవాలనుకున్నా. మట్టి పెట్టి చూసిన రోజు వాల్వుల్ని నెట్టే ట్యాపెట్లలో నూనె లేదు. నూనె లేని ట్యాపెట్ స్ప్రింగు బరువుకి కుంగిపోతుంది, వాల్వు పూర్తిగా తెరుచుకోదు. దాంతో మట్టి మందంగా కనబడింది. ఇవాళ నూనె తాగి అవి నిక్కాయి. పనివాడు మొదటిరోజు నేర్చుకునే సంగతి ఇది."

"నలభై ఏళ్ళలో మొదటిసారి!" అని క్లైడ్ చెయ్యి కుర్చీ మీద చరిచాడు. "నీ ఇంజన్ నువ్వే తెరుస్తావా? నా మాట నీళ్ళపాలు చేశావు కదరా!"

"నోరు మూసుకుని సలాడు తిను" అన్నాను నేను. అంతకంటే మంచి మాట నోటికి రాలేదు.

ఆర్డిత్ దిగి వచ్చింది. "శనివారం పోయినట్టేనా?"

"పిస్టన్ల తల మీద వాల్వుకొక గంటు చొప్పున పదహారు గంట్లు తవ్వాలి. బయటికి పంపితే మూడు వారాలు. నేనే చేస్తే..." ఆగాడు. "రెండు రోజుల్లో చెయ్యొచ్చు. చెయ్యి జారితే పిస్టన్ పోతుంది."

"పాత పిస్టన్లకున్నట్టు మళ్ళీ గుంటలేనా?" అంది నవ్వబోతూ.

అప్పుడు చెప్పేశాడు. లైను, సోమవారం, ట్రేలు, అన్నీ. మనిషి చెమటతో, సిగ్గుతో నిలువునా కరిగిపోతున్నాడు. ఆర్డిత్ కాస్త పక్కకు ముఖం తిప్పి నిలబడింది. ఆమె చూపు ఎటుందో మాకు తెలియదు, మనుషుల్ని పక్కచూపుతోనే చూస్తుంది.

"అయితే ఈసారి ఎంత కావాలో అంతే తవ్వు" అని, తన చెర్రీ పై గిన్నె ఎల్డన్ చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. కోపమో కాదో ఎవరికీ అర్థం కాలేదు.

హెడ్లు దించితే ప్రతి పిస్టన్ మీదా నెలవంకలాంటి సన్నటి గీత. స్టార్టు చేసి ఉంటే ఏమయ్యేదో నేను అడగలేదు. ఒక పాత వాల్వు అంచును పళ్ళుగా కోసి, దాన్నే ఉలిగా చేసి, హెడ్డు రంధ్రంలోంచి డ్రిల్లుతో తిప్పుతూ తవ్వాడు. రజను లోపల పడకుండా పిస్టన్ల అంచుల చుట్టూ క్లైడ్ గ్రీజు పట్టించాడు, తిడుతూనే. ఒక్కో గంటుకీ నేను లైటు పట్టుకున్నాను. ఈసారి ట్యాపెట్లు కుంగకుండా గట్టివి పెట్టి, కొత్త మట్టిముద్దతో చూశాడు. కొలిచి, నాతో కొలిపించి, క్లైడ్‌తో కొలిపించాడు. శుక్రవారం సాయంత్రం ఇంజన్ అంటుకుంది. ఆ ఇరవై నిమిషాలూ క్లైడ్ గడియారం చూస్తూ నిలబడ్డాడు.

శనివారం ఆమె వంతు వచ్చింది. పచ్చలైటు పడగానే కారు ముక్కు పైకెత్తి దూసుకుపోయింది. ఆ గర్జనలో చిన్న టక్కుమన్న చప్పుడు వినిపిస్తుందేమోనని ఎల్డన్ కళ్ళు మూసుకుని విన్నాడు. వినిపించలేదు.

ఆర్డిత్ టైము రాసిన చీటీ తెచ్చి అతనికిచ్చింది. "చదువు." అతని కళ్ళు నిండిపోయి చదవలేకపోతుంటే నేనే లాక్కున్నాను.

"పద్నాలుగు పాయింట్ రెండు సెకన్లు."

"కొన్న కొత్తలో ఇక్కడే పదహారు పాయింట్ ఒకటి" అంది. "అయితే ఎల్డన్, నావి దాదాపు రెండు సెకన్లు నలభై నాలుగేళ్ళుగా నీ దగ్గరున్నాయన్నమాట."

"ఉన్నాయి" అన్నాడు మా ఆయన.

ఆమె అతని భుజం తట్టి, పరుగుల వరస ఇంకా సాగుతోందని చూసి, మళ్ళీ కారెక్కింది. నేను ఎల్డన్ చేతుల వంక చూశాను. గోళ్ళ సందుల్లో నల్లగా గ్రీజు అలాగే ఉంది. పది అడుగుల్లో కొళాయి ఉంది. అటు చూడను కూడా లేదు.